ఐదు నిమిషాలకోసారి

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తాడు పట్టేవాడు "నేను పట్టను" అంటే, ఎందుకని అడగకూడదు. నీళ్ళలో ఉన్నవాడి ప్రాణం పైనున్నవాడి చేతిలో ఉంటుంది కాబట్టి ఇష్టంలేని చేతికి తాడు ఇవ్వకూడదని ఎప్పుడో పెద్దవాళ్ళు పెట్టిన నియమం. మంచి నియమమే. నేను పనిలో చేరిన రోజున మాత్రం ఆ పెద్దవాళ్ళని కడుపారా తిట్టుకున్నాను.

నాది నీళ్ళలోకి దిగే పని. పెద్ద జలాశయం, గట్టు వెంట ఇనుప గేట్లు, వాటి పక్కన కరెంటు తయారుచేసే చోటికి నీళ్ళు మోసుకెళ్ళే సొరంగాలు. సొరంగం మూతికి చెత్త లోపలికి పోకుండా లావుపాటి ఊచల జాలీ ఒకటి ఉంటుంది. దుంగలు, కొమ్మలు, టైర్లు, ఒకసారైతే నవారు మంచం కూడా, కొట్టుకొచ్చి ఆ జాలీకి అంటుకుంటాయి. యంత్రాలు ఆపాక మేం దిగి వాటిని తీసి, వదులైన బోల్టులు బిగించి పైకి రావాలి. కింద కంట్లో పొడుచుకున్నా ఏమీ కనపడదు. అన్నీ చేతులతో తడుముకోవడమే.

తలకి హెల్మెట్టు ఉంటుంది. గాలి గొట్టం, ఫోను వైరు, తాడు, ఈ మూడింటినీ కలిపి జడలా అల్లేస్తారు. మొత్తాన్నీ మేం తాడనే అంటాం. ఫోను ఉందంటే ఉంది, రెండు రోజులు మాట్లాడితే నాలుగు రోజులు గరగరలాడుతుంది. అందుకే అసలు మాటలన్నీ తాడుతోనే. పైనుంచి ఒక్క లాగు లాగితే "బాగున్నావా?" అని. కిందనుంచి ఒకటి లాగితే "బాగున్నాను" అని. కిందవాడు రెండు లాగితే "తాడు వదులు చెయ్యి". నాలుగు లాగితే "నన్ను పైకి లాగెయ్". పైవాడు ఐదు నిమిషాలకోసారి బాగున్నావా అని అడగాలి. ఇంతే, అక్షరాలు రానివాడికి కూడా పూటలో వచ్చేస్తుంది.

నేను చేరిన రోజు సూపర్‌వైజర్ నన్ను గట్టు మీద నిలబెట్టి, "ఈమెకి మూడు నెలలు గడువు. పని చూసి నేను రిపోర్టు రాస్తాను. బాగుంటే ఉంటుంది, లేకపోతే ఆఫీసులో కాగితాలు చూసుకుంటుంది. తాడెవరు పడతారు?" అన్నాడు. తాడు పట్టేవాళ్ళు నలుగురున్నారు. ఒకడు అప్పుడే ఆకాశంలో ఏదో కనిపించినట్టు తలెత్తి చూశాడు. ఒకడికి ఉన్నట్టుండి నడుం పట్టేసింది. మూడోవాడు కాస్త నిజాయితీపరుడు. "మగాడికేమన్నా అయితే ప్రమాదం అంటారు సార్. ఈవిడకేమన్నా అయితే ఆడపిల్లని చంపాడంటారు. నేను పట్టను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, అందులో అబద్ధం ఏముందో వెతికితే దొరకలేదు.

నాలుగో మనిషి బీడీ ఆర్పి లేచాడు. అరవైకి రెండేళ్ళు తక్కువ. బక్కపల్చటి మనిషి, చేతులు మాత్రం వేరెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. ముప్పై ఏళ్ళుగా తాడు తప్ప మరోటి పట్టలేదు కాబట్టి అందరూ తాడు బాబాయ్ అనేవాళ్ళు.

"నేను పడతాను" అన్నాడు.

నేను పొంగిపోయి దండం పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మాయ్. ఆడపిల్ల దిగడం నాకసలు ఇష్టం లేదు. వద్దంటే వినేలా లేవు. దిగేదానివి ఎలాగూ దిగుతావు, ఆ తాడేదో నా చేతిలో ఉంటే నాకు రాత్రి నిద్ర పడుతుంది."

ఇదీ నాకు దొరికిన స్వాగతం. ఇంటికెళ్ళి అమ్మకి చెబితే, "పోనీలే, నీలాంటి మొండిఘటానికి అలాంటి మొండివాడే సరి" అంది. నేను ఈ పనికి పోతానన్నప్పుడు నెల రోజులు నాతో మాట్లాడని మనిషి. ఆ మాటతో నాకు సగం బలం వచ్చింది.

మొదటి వారంలోనే తేడా తెలిసిపోయింది. కింద బోల్టుకి రెంచి తగిలించి బలంగా తిప్పబోతాను, తాడు కదులుతుంది. బాగున్నావా? రెంచి వదిలి, ఊచ పట్టుకున్న చెయ్యి తీసి, బాగున్నానని లాగుతాను. మళ్ళీ చీకట్లో రెంచి వెతుక్కుని, బోల్టు వెతుక్కుని తగిలిస్తాను. తాడు కదులుతుంది. బాగున్నావా? బాగున్నాను బాబాయ్, నువ్వు ఊరుకుంటే ఇంకా బాగుంటాను, అని హెల్మెట్టులోనే అరిచేదాన్ని. ఒకరోజు లెక్కపెట్టాను. అరగంటలో ముప్పై ఒక్కసార్లు. మగవాళ్ళకి ఐదు నిమిషాలకోసారి, నాకు నిమిషానికోసారి. పైగా ఆ లాగడమూ పసిపిల్లని ఊయల ఊపినట్టు మెత్తగా లాగేవాడు. ప్రవాహం కదిలించిందో, బాబాయ్ కదిలించాడో తెలిసేది కాదు. తెలియక కొన్నిసార్లు ప్రవాహానికి కూడా బాగున్నానని జవాబు చెప్పాను.

దాంతో గంటలో అయ్యే పని నాకు రెండు గంటలు పట్టేది. నెల తిరిగేసరికి సూపర్‌వైజర్ పుస్తకంలో నా పేరు పక్కన "నిదానం" అని మూడుసార్లు పడింది. తాడు పట్టనన్నవాళ్ళ వల్ల నాకొచ్చిన నష్టం ఒక్క రోజుది. ప్రేమగా పట్టినవాడి వల్ల ఉద్యోగమే పోయేలా ఉంది.

చెప్పి చూశాను. "బాబాయ్, అందరితో పాటే నన్నూ అడగండి చాలు."

"అడిగితే తప్పేంటమ్మా? నీ మంచికేగా" అన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మా దగ్గర తిమింగలం అని ఒకడుండేవాడు. ఆరడుగుల పైన మూడంగుళాలు, అంతకి తగ్గ నోరు. నీళ్ళలో పనిమంతుడు. "మీ ఇద్దరూ కింద పని చేస్తున్నారా, ఉత్తరాలు రాసుకుంటున్నారా?" అని గట్టు మీద అందరి ముందూ నవ్వేవాడు. ఇంకో విషయం కూడా నన్ను పొడిచేది. బాబాయ్ వాడిని "ఒరేయ్" అనేవాడు. దిగే ప్రతివాడినీ ఒరేయ్ అని పిలిచి, ఆలస్యమైతే బండబూతులు తిట్టి, పైకి రాగానే వీపు మీద ఒక్కటిచ్చి టీ పోసేవాడు. నన్ను మాత్రం "అమ్మాయ్, జాగ్రత్త తల్లీ" అనేవాడు. ఒక్క తిట్టు లేదు. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చేది.

రెండో నెలలో ఒకరోజు తాడు పట్టే ఇద్దరికి జ్వరాలు, ఇంకొకడు వేరే గేటు దగ్గర ఉన్నాడు, పొద్దుటి నుంచి తాడు పట్టిన బాబాయ్ అప్పుడే కాస్త కూర్చున్నాడు. తిమింగలానికి తాడు పట్టే మనిషి లేడు. శిక్షణలో మాకు రెండూ నేర్పుతారు కాబట్టి నేను లేచి, "నేను పడతాను" అన్నాను. తిమింగలం నన్ను ఎగాదిగా చూసి, "సరే, ఎంతైనా ఉత్తరాలు రాయడం వచ్చిన చెయ్యి" అని దూకేశాడు.

నేను గడియారం చూసుకుని నిమిషానికోసారి లాగడం మొదలుపెట్టాను. మెత్తగా, ఊయల ఊపినట్టు. పది నిమిషాలు ఓపిగ్గా జవాబిచ్చాడు. పదిహేనో నిమిషానికి జవాబులు ఎద్దు ముకుతాడు గుంజుకున్నట్టు వచ్చాయి. ఇరవయ్యో నిమిషంలో పైకి తేలి, హెల్మెట్టు ఊడబీకి గట్టు దద్దరిల్లేలా అరిచాడు.

"ఏంటే నీ గోల! కింద పని చెయ్యాలా, నీకు కబుర్లు చెప్పాలా? నేను చచ్చానని ఎవరన్నా చెప్పారా?"

"లేదన్నా. నాకు రోజూ ఇలాగే లాగుతారు. ఇదే పద్ధతేమో అనుకున్నాను" అన్నాను అమాయకంగా.

తిమింగలమే ముందు నవ్వాడు, ఆ తర్వాత గట్టంతా నవ్వింది. సూపర్‌వైజర్ పుస్తకం మూసి, "రోజూ ఇలాగేనా?" అని బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ మాత్రం నవ్వలేదు. బీడీ వెలిగించుకుని గట్టు చివరికి నడిచి వెళ్ళిపోయాడు. నాకు గెలిచిన సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. పాపం, ముసలాయన్ని నలుగురిలో పలచన చేశానని సాయంత్రానికి దిగులు పట్టుకుంది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున తాడు సరిచూస్తూ, నా మొహం చూడకుండా, "ఐదు నిమిషాలకోసారి. వాళ్ళకెంతో నీకూ అంతే" అన్నాడు. ముడి బిగించి, "నా చెయ్యి వినాలి మరి. దానికి ఇంకా చెప్పుకోవాలి" అన్నాడు.

చెప్పుకున్నాడు. ఆ రోజు మొదటి ఐదు నిమిషాలు తాడు కదల్లేదు. కింద చీకట్లో నాకు వింతగా అనిపించింది. ఐదో నిమిషంలో ఒక్క లాగు, ఒళ్ళు ఊగేంత గట్టిగా. నేను అంతే గట్టిగా జవాబిచ్చాను. పని యాభై నిమిషాల్లో ముగించి పైకొచ్చాను. ఆ రాత్రి అమ్మకి చెబుతుంటే నవ్వు ఆగలేదు.

ఇక అసలు రోజు. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. మధ్యాహ్నం పూట, ఎండ బాగా కాస్తోంది. జాలీకి అడ్డంగా పడ్డ ఒక పెద్ద దుంగకి ఇనుప తాడు తగిలించి రావాలి, పైన క్రేను లాగుతుంది. నేను దుంగ కిందుగా దూరి అవతలికి వెళ్ళి, ఇనుప తాడు చుట్టి కొక్కెం వేస్తుండగా దుంగ కదిలింది. ఎందుకు కదిలిందో ఇప్పటికీ తెలీదు. మెల్లగా జరిగి ఊచల మీద కూర్చుంది. నాకేమీ దెబ్బ తగల్లేదు. కానీ నా తాడు దుంగకీ ఊచలకీ మధ్య పడింది. ఫోను ఆ క్షణమే పోయింది. హెల్మెట్టులోకి వచ్చే గాలి సన్నబడింది.

శిక్షణలో చెప్పిందే చేశాను. చేతులు కదపకుండా మూడుసార్లు ఊపిరి తీసుకుని, తడిమి చూశాను. దుంగ ఒక కొస కింద గుంట ఉంది, తాడు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, కాస్త కదులుతోంది. పైనుంచి ఎవరన్నా లాగితే తాడు ఇరుక్కున్న చోట మరింత బిగిసి, వచ్చే ఆ కాస్త గాలీ ఆగిపోతుంది. కాస్త వదులు చేస్తే తాడుని ఆ గుంట వైపు జరుపుకుని, వచ్చిన దారినే వెనక్కి దూరి రావచ్చు. రెండు చేతులూ కావాలి. నా వీపున చిన్న సిలిండరు ఒకటుంది, దాన్లో గాలి పది నిమిషాలకి మించి రాదు.

తాడు పట్టుకుని రెండు లాగాను. వదులు చెయ్యి.

లాగాక భయం వేసింది. పైన ఉన్నది ఎవరు? నేను తుమ్మినా పైకి లాగెయ్యాలనుకునే మనిషి.

పైన ఏం జరిగిందో తర్వాత తిమింగలం చెప్పాడు. ఫోను పోవడం, దుంగ కదిలి నీళ్ళు పైకి పొంగడం అందరూ చూశారట. సూపర్‌వైజర్ "లాగెయ్, లాగెయ్" అని అరిచాడట. నడుం పట్టేసినవాడు కూడా పరిగెత్తుకొచ్చి తాడు మీద చెయ్యి వెయ్యబోయాడట. బాబాయ్ వాడిని మోచేత్తో నెట్టేశాడట.

"రెండు లాగింది. వదులు అడిగింది" అన్నాడట.

"ఆడపిల్లయ్యా, భయంలో తప్పు లాగుంటుంది!" అన్నాడట సూపర్‌వైజర్.

"దానికి లెక్కలొచ్చు" అన్నాడట బాబాయ్, తాడు వదులుతూ.

తిమింగలం అప్పటికే హెల్మెట్టు పెట్టుకుని దూకడానికి సిద్ధంగా ఉన్నాడు, అది వాడి బాధ్యత. వాడిని కూడా ఆపాడట. "నువ్వు దిగితే దాని తాడు పట్టుకునే దిగాలి. నీ బరువంతా దాని మీద పడుతుంది. ఆగరా ఒరేయ్. అది నాలుగు లాగితే దూకుదువుగాని. సిలిండరుకి పది నిమిషాలు. ఎనిమిదో నిమిషం దాకా ఎవరూ కదలొద్దు."

నాకు ఇదంతా తెలీదు. నాకు తెలిసిందల్లా, రెండు లాగిన మరుక్షణం తాడు వదులైంది. ఒక బార, ఇంకో బార. చీకట్లో ఆ తాడు మెత్తగా నా ఒళ్ళో వచ్చి పడుతుంటే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. హెల్మెట్టులో కళ్ళు తుడుచుకోలేం కదా, అలాగే పని చేసుకున్నాను. తాడుని కొంచెం కొంచెంగా గుంట వైపు జరిపాను. దుంగ కింద దూరాను. ఈలోగా పైనుంచి ఒక్క లాగు కూడా రాలేదు. వచ్చుంటే జవాబుకి చెయ్యి తియ్యాలి, చెయ్యి తీస్తే జరిపిన తాడు మళ్ళీ జారిపోతుంది. నా రెండు చేతులూ పనిలో ఉన్నాయని ఆయనకి కనపడినట్టే, బాగున్నావా అని అడగలేదు. ఆరు నిమిషాలు అడగలేదు.

ఆరో నిమిషంలో ఇవతలికి వచ్చాను. గాలి మళ్ళీ బుస్సుమని వచ్చింది. అప్పుడు నేనే తాడు పట్టుకుని నాలుగు లాగాను.

గట్టు మీదకి చేరగానే హెల్మెట్టు తీసింది బాబాయే. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. నోరు తెరిచాడు, జాగ్రత్త తల్లీ అంటాడనుకున్నాను.

"ఒసేయ్! దుంగ కిందకి దూరేముందు అది కదులుతుందో లేదో చూసుకోవద్దటే? బుర్ర ఉందా, గట్టు మీద పెట్టి దిగావా?" అని అరిచి, వీపు మీద ఒక్కటిచ్చాడు. తర్వాత టీ పోశాడు.

అంత కమ్మని తిట్టు నా జీవితంలో మళ్ళీ తినలేదు. సూపర్‌వైజర్ రిపోర్టు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది, ఉద్యోగం ఖాయమైంది, దాన్ని అమ్మ ఫ్రేము కట్టించింది కూడా. కానీ నాకు ఉద్యోగం ఖాయమైంది ఆ ఒసేయ్‌తోనే.

టీ గ్లాసు అందుకుంటుంటే బాబాయ్ ఎడమ అరచేతిలో నెత్తురు కనిపించింది. చిన్న చిన్న గాట్లు నాలుగు.

"ఏమైంది బాబాయ్?"

"తాడు ఒరుసుకుంది" అన్నాడు, చెయ్యి జేబులో పెట్టేసుకుని.

నేను నమ్మాను. నా ప్రాణం దక్కిన సంబరంలో నేనున్నాను, ఇంకొకరి అరచెయ్యి ఎవరికి కావాలి?

పద్దెనిమిదేళ్ళు దిగాను. కిందటేడు కుడి చెవి మొరాయించింది. ఇక దిగొద్దన్నాడు డాక్టరు. గట్టు మీద తాడు పట్టే పనికి మారాను. తిమింగలం ఇప్పుడు సూపర్‌వైజర్. మొన్న ఒక కొత్త పిల్ల చేరింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో, పిట్టంత మనిషి. అందరూ పిట్ట అనే పిలుస్తున్నారు. తాడెవరు పడతారని తిమింగలం అడిగితే ఈసారి ఎవరూ ఆకాశంలోకి చూడలేదు. ముగ్గురు చెయ్యెత్తారు. ముగ్గురినీ పక్కకి జరిపి నేను పట్టాను.

పిట్ట దిగింది. బుడగలు పైకొస్తున్నాయి. గడియారం చూశాను. ముప్పై సెకన్లు.

ఏం చెప్పమంటారు? నా కుడిచెయ్యి దానంతటదే లాగబోయింది. పిల్ల చిన్నది, నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఒక్కసారి అడిగితే తప్పేంటి, దాని మంచికేగా. అచ్చం ఇవే మాటలు. అంతకుముందు వారమే ఇద్దరు మగపిల్లలకి తాడు పట్టాను, నా చెయ్యి రాయిలా నిమ్మళంగా ఉంది. ఈ పిల్ల దగ్గరికొచ్చేసరికి ఇలా అయింది. పద్దెనిమిదేళ్ళు మగవాళ్ళందరినీ నిలదీసిన దాన్ని, నా చెయ్యి నన్నే నిలదీసింది. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషం మా ఇంటి నుంచి ఈ గట్టుకి ఉన్నంత పొడుగుంది. కింద ఉన్నప్పుడు నాకేం? నేను బతికే ఉన్నానని నాకు తెలుసు. పైనున్నవాళ్ళకి అది కూడా తెలీదు.

ఐదో నిమిషంలో ఒక్క లాగు లాగాను, గట్టిగా. అంతే గట్టిగా జవాబొచ్చింది. గంట సేపు అలాగే గడిచింది. పిట్ట పని పూర్తి చేసుకుని పైకొచ్చింది. ఒక బోల్టు వాషరు వెయ్యకుండా బిగించానని చెబితే, "ఒసేయ్, వాషరు ఎందుకిచ్చాం, ముక్కుకి పెట్టుకోమనా?" అని కడిగేశాను. పిల్ల మొహం చాటంత చేసుకుని నవ్వింది.

తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఎడమ అరచెయ్యి చురుక్కుమంది. తిప్పి చూశాను. నాలుగు గాట్లు, నాలుగు వేళ్ళ గోళ్ళ ముద్రలు. మేం తాడు పట్టేది కుడిచేత్తో. సూపర్‌వైజర్‌కి సైగ చెయ్యడానికి ఎడమచెయ్యి ఖాళీగా ఉంచుకుంటాం. నేను కుళాయి కట్టెయ్యడం మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఎనభైకి దగ్గరపడ్డాడు. కూతురింట్లో మేడ మీద గది, కిటికీ పక్కన కుర్చీ. నడక తగ్గింది, నోరు తగ్గలేదు. "ఏమే, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అన్నాడు. నేలమీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కొత్తపిల్ల దిగిందని చెప్పాను. ఎంతసేపటికోసారి అడిగావన్నాడు. ఐదు నిమిషాలకోసారి, అందరితో పాటే అన్నాను. తలూపాడు.

ఆయన ఎడమచెయ్యి తీసుకుని తిప్పాను. ముడతల్లో ఏమీ కనపడలేదు. పక్కన నా అరచెయ్యి తెరిచి పెట్టాను. చాలాసేపు చూశాడు. బొటనవేలితో ఆ నాలుగు గాట్లనీ మెల్లగా తడిమాడు.

"తాడు ఒరుసుకుందా?" అన్నాడు.

"అవును బాబాయ్" అన్నాను. "తాడే."